సముద్రతీరాన తెల్లవారి తుమ్ములు: గడ్డి పుప్పొడి అలర్జీపై ఒక కేస్ స్టడీ

రోగి 36 ఏళ్ల ఉపాధ్యాయురాలు. ఆమె అనుమతితోనే ఈ కేసు రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు తీసేశాను. ఇల్లు సముద్రానికి నడిచి వెళ్లేంత దూరంలో ఉంది. ఊరికీ ఇసుకకీ మధ్య సరుగుడు తోట, ఊరికి అవతల నేల వైపు బీడు భూములు, పచ్చిక బయళ్లు. కొన్నేళ్లుగా, వర్షాలు తగ్గి గడ్డి వెన్నులు వేసే కాలం రాగానే ఆమెకు తుమ్ములు, ముక్కు కారడం, కళ్ల దురద, రాత్రికి ముక్కుదిబ్బడ మొదలవుతున్నాయి. ఈసారి పొడిదగ్గు తోడైంది. తెల్లవారుజామున దగ్గుతో మెలకువ వస్తోందని, అప్పుడు ఛాతీ పట్టేసినట్టు ఉంటోందని చెప్పారు. ముక్కుతో వచ్చిన రోగి ఛాతీ గురించి చెప్పినప్పుడు ఆ మాటను అక్కడితో వదిలేయకూడదు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ఆమె చెప్పినవాటిలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఇది: "డాక్టర్ గారూ, సముద్రపు గాలి ముక్కుకు మంచిదంటే రోజూ పొద్దున ఒడ్డున నడుస్తున్నాను. అక్కడికి వెళ్లేసరికి తుమ్ములు ఎక్కువవుతున్నాయి. సాయంత్రం పిల్లలతో అదే ఒడ్డుకు వెళ్తే ఒక్క తుమ్ము కూడా రాదు. చోటు ఒకటే కదా, మరి ఎందుకిలా?"

ఈ ప్రశ్నను పట్టుకుని వెళ్లడం వల్లే నిర్ధారణ కుదిరింది. తీర పట్టణాల్లో పనిచేసే వైద్యులకు ఇలాంటి రోగులు తరచుగా తారసపడతారు. చాలామంది ఈ తేడాను తమంతట తాము చెప్పరు. మనం గడియారం చూసినట్టు వేళ అడిగితేనే బయటపడుతుంది.

అప్పటిదాకా జరిగిన వైద్యం

వేరే ఊళ్లో ఒకచోట చర్మ పరీక్ష చేయించుకున్నారు. ఆ కాగితంలో డస్ట్ మైట్లకు (ఇంటి దుమ్ములో బతికే అతిచిన్న పురుగులు) పాజిటివ్, తిమోతి గడ్డికి నెగటివ్ అని ఉంది. "పుప్పొడి అలర్జీ లేదు, ఇంట్లో దుమ్మే కారణం" అని చెప్పి పంపారట. ఆమె చెప్పింది చెప్పినట్టు చేశారు. తివాచీ తీసేశారు, దిండ్లకు కవర్లు తొడిగారు, పరుపు ఎండలో వేశారు. ఏడాది పొడుగునా నిద్ర లేవగానే వచ్చే రెండు తుమ్ములు తగ్గాయి. కాలం రాగానే వచ్చే దాడి మాత్రం అలాగే ఉంది.

ఆ దాడికి ఆమె రెండు మందులు వాడుతున్నారు. ఒకటి క్లోర్‌ఫెనిరమిన్ మాత్ర, అలర్జీని అణిచే యాంటీహిస్టమిన్ రకానిది. అది వేసుకుంటే తరగతిలో కళ్లు మూతపడుతున్నాయి. రెండోది ఆక్సీమెటాజొలిన్ ముక్కు చుక్కలు. కొన్ని వారాలుగా రోజుకు మూడు నాలుగుసార్లు వేసుకుంటున్నారు. ఈ చుక్కలు నిమిషాల్లో ముక్కు తెరుస్తాయి కాబట్టి వదలబుద్ధి కాదు. మూడు నుంచి ఐదు రోజులకు మించి వాడితే మందు ప్రభావం తగ్గిన ప్రతిసారీ లోపలి పొర మునుపటికంటే ఎక్కువగా వాస్తుంది, మళ్లీ చుక్కలు వేయాల్సివస్తుంది. ముక్కులోకి చూస్తే అదే కనిపించింది. అలర్జీ ముక్కులో లోపలి పొర సాధారణంగా పాలిపోయి, నీలిరంగు ఛాయతో, తడిగా ఉంటుంది. ఈమెకు కింది కండలు ఎర్రగా వాచి దాదాపు దారి మూసేశాయి. రాత్రి దిబ్బడలో చాలా భాగం పుప్పొడి వల్ల కాదు, చుక్కల వల్ల వచ్చిందే. తుమ్ములు, నీరు, దురద మాత్రం అలర్జీవే. ఈ రెండింటినీ విడదీసి చూడకపోతే తర్వాత ఏ మందు దేనికి పనిచేసిందో తెలియదు.

లక్షణాలను అంకెల్లో పెట్టాం. తుమ్ములు, కారడం, దురద, దిబ్బడ, ఒక్కోదానికి సున్నా నుంచి మూడు వరకు, మొత్తం 12. ఆమెకు 9 వచ్చింది. నిద్ర చెడుతోంది, పనికి అడ్డు పడుతోంది కాబట్టి అలర్జీ ముక్కు జబ్బుకు సంబంధించిన అంతర్జాతీయ 'ఏరియా' మార్గదర్శకాల ప్రకారం ఇది మధ్యస్థం నుంచి తీవ్రం అనే వర్గంలోకి వస్తుంది.

ఏ గడ్డి?

పాత పరీక్షను కొట్టిపారేయలేదు. అందులో ఉన్నది నిజమే. లేనిది ఏమిటన్నదే ప్రశ్న. తిమోతి చల్లని ప్రాంతాల గడ్డి. వెచ్చని తీర ప్రాంతాల్లో, ఉప్పు గాలిని, ఇసుక నేలను తట్టుకుని ఎక్కడపడితే అక్కడ అల్లుకునేది గరిక. వృక్షశాస్త్రం ప్రకారం ఈ రెండూ వేర్వేరు ఉపకుటుంబాలకు చెందినవి. తిమోతి, రై లాంటి చలి గడ్డి జాతుల పుప్పొడి ప్రోటీన్లు ఒకదానికొకటి బాగా దగ్గరగా ఉంటాయి, అందుకే ఒకదానితో పరీక్షిస్తే మిగతావీ చాలావరకు తెలిసిపోతాయి. గరిక వాటికి దూరపు చుట్టం. చలి గడ్డికి నెగటివ్ వచ్చిన మనిషి గరికకు పాజిటివ్ కావచ్చు. పరీక్షల పెట్టె ఎక్కడో తయారై వస్తుంది, రోగి పీల్చే గాలి మాత్రం ఆమె ఊరిదే. ఈ రెండింటికీ పొంతన కుదిర్చే బాధ్యత పరీక్ష చేసేవారిదే. ఈ విషయంలో నాకు రాజీ లేదు.

యాంటీహిస్టమిన్ మాత్ర ఆపించి, వారం గడిచాక చర్మ పరీక్ష మళ్లీ చేశాం. ముంజేతి లోపలి వైపు గుర్తులు పెట్టి, ఒక్కో గుర్తు దగ్గర ఒక్కో ద్రావణం చుక్క వేసి, దాని మీదుగా చర్మాన్ని సూదితో అతి స్వల్పంగా గుచ్చుతాం. రక్తం రాకూడదు. పక్కన హిస్టమిన్ (అలర్జీలో శరీరం విడుదల చేసే పదార్థం) చుక్క ఒకటి, ఉప్పునీటి చుక్క ఒకటి ఉంటాయి. మొదటిది ఉబ్బాలి, రెండోది ఉబ్బకూడదు. ఈ రెండూ సరిగ్గా వస్తేనే మిగతావాటిని నమ్మాలి. పావుగంట గడిచేసరికి గరిక చుక్క దగ్గర తెల్లని దద్దు లేచి, అంచులు వేళ్లు చాచినట్టు పక్కకు పాకాయి, చుట్టూ ఎరుపు అరచేయంత పరుచుకుంది. ఉప్పునీటి చుక్కకంటే 3 మిల్లీమీటర్లు ఎక్కువ ఉబ్బితే పాజిటివ్ అంటాం. ఇది 8 మిల్లీమీటర్లు. డస్ట్ మైట్‌కు 4 వచ్చింది. సరుగుడు పుప్పొడికి ఏమీ రాలేదు.

సరుగుడుకు ఏమీ రాకపోవడం ఆమెకు నమ్మశక్యంగా లేదు. నడక దారిలో ఉన్నది ఆ తోటే. చెట్ల కింద గోధుమరంగు పొడి రాలి కనిపిస్తుంది. ఇంటిల్లిపాదీ ఆ చెట్లనే తిట్టుకుంటున్నారు. సరుగుడు పుప్పొడి అలర్జీ ఉన్నవారు ఉన్నారు, అది కల్పన కాదు. ఈమె మాత్రం వారిలో లేరు. కంటికి కనిపించే పొడి మీదే అనుమానం పడటం సహజం. గరిక పుప్పొడి రేణువు మిల్లీమీటరులో ముప్పయ్యో వంతు కూడా ఉండకపోవచ్చు. అది కాలికింద ఉంటుంది, పువ్వు కూడా పువ్వులా ఉండదు. దాన్ని ఎవరూ అనుమానించరు.

పాజిటివ్ దద్దు అంటే జబ్బు అని కాదు. శరీరం ఆ పదార్థాన్ని గుర్తుపడుతోంది, అంతే. లక్షణాలు వచ్చే కాలం, వేళ, చోటు ఆ పదార్థం గాలిలో ఉండే కాలం, వేళ, చోటుతో కలిస్తేనే దాన్ని కారణం అనాలి. మైట్ ఏడాది పొడుగునా ఉంటుంది. గాలిలోని తేమను ఒంట్లోకి పీల్చుకుని బతికే జీవి అది. తేమ 50 శాతానికి దిగువన ఎక్కువకాలం ఉంటే నిలవలేదు. తీరంలో తేమకు కొదవ లేదు కాబట్టి తీర పట్టణాల్లో మైట్ పాజిటివ్ రావడంలో ఆశ్చర్యం లేదు. ఆమె ఉదయపు రెండు తుమ్ములకు అది కారణం. కాలం రాగానే వచ్చే దాడికి కారణం గరిక. ఇద్దరు నేరస్థుల్లో చిన్నవాణ్ణి పట్టుకుని పెద్దవాణ్ణి వదిలేసినట్టయింది మొదటి పరీక్ష.

గాలి తిరిగే వేళ

ఇక ఆమె అసలు ప్రశ్న. తీరంలో గాలి రోజుకు రెండుసార్లు దిశ మార్చుకుంటుంది. పగలు నేల త్వరగా వేడెక్కుతుంది, దాని మీది గాలి పైకి లేస్తుంది, ఆ ఖాళీలోకి సముద్రం నుంచి గాలి వస్తుంది. రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది, గాలి నేల నుంచి సముద్రం వైపు మళ్లుతుంది. బడిలో చదువుకున్న సముద్రపవనం, భూపవనం ఇవే. మబ్బు లేని, పెద్ద గాలులు లేని రోజుల్లో ఇది స్పష్టంగా తెలుస్తుంది. సముద్రపవనం సూర్యుడు ఎక్కగానే మొదలుకాదు. నేల తగినంత వేడెక్కేదాకా, అంటే పొద్దు బాగా పైకి వచ్చేదాకా, రాత్రి గాలే కొనసాగుతుంది.

చాలా గడ్డి జాతుల్లో పుప్పొడి తిత్తులు పగిలేది ఉదయం పూట. అంటే గడ్డి పుప్పొడి విడుదల చేస్తున్న వేళకు గాలి ఇంకా నేల వైపు నుంచే వీస్తోంది. బీడు భూముల మీదుగా, ఊరి మీదుగా, సరుగుడు తోట మీదుగా వచ్చిన ఆ గాలి ఒడ్డున నడిచే మనిషిని తాకి సముద్రంలోకి వెళుతుంది. ఆమె పొద్దున పీల్చేది సముద్రపు గాలి కాదు, నేల గాలి. నిలబడింది మాత్రం నీటి పక్కన. సాయంత్రం అదే చోట వచ్చే గాలి నీటి మీదుగా వచ్చింది. దానిలో పుప్పొడి చాలా తక్కువ.

ఇది నా ఊహగా మిగలకూడదని ఒక చిన్న పరిశీలన చేశాం. గాజు పలకల మీద గ్లిజరిన్ జెల్లీ పూసి, ఎండ, వాన తగలకుండా పైకప్పు ఉన్న చిన్న స్టాండులో పెట్టి, ఆమె నడిచే దారిలో తెల్లవారి ఒకటి, సాయంత్రం ఒకటి ఉంచాం. జెల్లీలో ఫుక్సిన్ రంగు కలిపితే పుప్పొడి గులాబీరంగులో కనిపిస్తుంది, ఇసుక, ఉప్పు స్ఫటికాలు రంగు పట్టవు. ఈ పద్ధతి పాతదే. జిగురు పూసిన గాజు మీద పుప్పొడిని పట్టి, లెక్కపెట్టి, తన ముక్కు బాధతో పోల్చి చూసిన ఇంగ్లండ్ వైద్యుడు చార్లెస్ బ్లాక్లీ తన ప్రయోగాలను 1873లో ప్రచురించాడు. గాలిపటాలతో గాజు పలకలను పైకి పంపి, ఎత్తున కూడా పుప్పొడి ఉంటుందని చూపించింది ఆయనే.

మైక్రోస్కోపు కింద తెల్లవారి పలక నిండా గుండ్రని, నునుపైన రేణువులు. ఒక్కోదానికీ ఒకే ఒక్క రంధ్రం, దాని చుట్టూ ఉంగరంలా ఎత్తైన అంచు. అది గడ్డి పుప్పొడి ముద్ర. ఏ గడ్డి అన్నది సాధారణ మైక్రోస్కోపుతో చెప్పలేం, గడ్డి అని మాత్రం ధైర్యంగా చెప్పవచ్చు. వాటి మధ్య మూడు రంధ్రాలతో, ఇంచుమించు మూడు మూలల ఆకారంలో సరుగుడు రేణువులు కనిపించాయి. సాయంత్రపు పలక మీద ఉప్పు స్ఫటికాలు, ఇసుక, అక్కడక్కడ ఒకటీ అరా పుప్పొడి. ఆమెను పిలిచి కంటితో చూడమన్నాను. చాలాసేపు చూశారు. ఆ తర్వాత ఆమెకు నేను వేరే ఏ వివరణా ఇవ్వాల్సిన అవసరం రాలేదు. రోగికి చూపించగలిగింది చూపించాలని నేను గట్టిగా నమ్ముతాను. చీటీలోని మందు కంటే అది ఎక్కువ కాలం గుర్తుంటుంది.

ఈ పలకలకు ఒక హద్దు ఉంది. వాటి మీద పడినవి పడినట్టు లెక్కపెట్టగలం కానీ, ఘనపు మీటరు గాలిలో ఎన్ని రేణువులున్నాయో చెప్పలేం. అందుకు గాలిని కొలిచి పీల్చే యంత్రం కావాలి. 1952లో హర్స్ట్ అనే శాస్త్రవేత్త రూపొందించిన పద్ధతినే ఇప్పటికీ చాలా కేంద్రాలు వాడుతున్నాయి. అది నిమిషానికి 10 లీటర్ల గాలి పీల్చి, నెమ్మదిగా కదిలే జిగురు టేపు మీద పుప్పొడిని పడేస్తుంది కాబట్టి గంటగంటకూ లెక్క దొరుకుతుంది. ఫోనులో కనిపించే పుప్పొడి సూచీల వెనుక ఇలాంటి కేంద్రమో, ఒక కంప్యూటర్ నమూనానో ఉంటుంది. తీర పట్టణానికి సంబంధించి వీటితో చిక్కు ఇక్కడే వస్తుంది. కేంద్రం చాలావరకు లోతట్టు నగరంలో, ఏదో భవనం మీద ఉంటుంది. సూచీ సాధారణంగా రోజంతటికీ ఒకే అంకె ఇస్తుంది. ఈమె ఊళ్లో ఒకే రోజు ఉదయం ఎక్కువ, మధ్యాహ్నం తక్కువ. రోజు సగటు ఆ రెండింటిలో ఏ పూటకూ సరిపోదు. నా సలహా: సూచీని కాలం మొదలైందా, ముగిసిందా అని తెలుసుకోవడానికి వాడండి. ఈ పూట బయటికి వెళ్లాలా వద్దా అన్నది గాలి దిశను చూసి నిర్ణయించుకోండి.

ఆమె చేత లక్షణాల డైరీ రాయించాం. వేళ, చోటు, గాలి ఎటు నుంచి, తుమ్ములు ఎంత. గాలి దిశకు చెట్ల కొమ్మలో, ఎగిరే జెండానో చూస్తే చాలు. డైరీలో ఒక విషయం అదనంగా తేలింది. కొన్ని రోజుల్లో గాలి సముద్రం నుంచి నేల వైపుకు తిరిగిన మొదటి కాసేపటిలో కూడా తుమ్ములు వచ్చాయి. ఉదయం సముద్రం మీదికి పోయిన పుప్పొడిలో కొంత గాలి మళ్లినప్పుడు తిరిగి రావచ్చు. అది కాసేపే. కానీ "సముద్రం నుంచి గాలి వస్తోంది, ఇక భయం లేదు" అని ఆ క్షణాన్నే కిటికీలన్నీ తెరవకుండా కొంత ఆగడం మంచిదని దీన్నిబట్టి చెప్పాను.

వైద్యం

ముందుగా చుక్కలు మాన్పించాలి. ఒక్కసారిగా ఆపితే రెండు మూడు రాత్రులు ముక్కు పూర్తిగా మూసుకుపోయి మళ్లీ సీసా పట్టుకుంటారు. అందుకే స్టెరాయిడ్ ముక్కు స్ప్రే మొదలుపెట్టి, చుక్కలను మొదట ఒక్క ముక్కుపుటంలో ఆపించి, అది తెరుచుకున్నాక రెండోదానిలోనూ ఆపించాం. స్ప్రే ఒక్క రోజులో అద్భుతం చేయదు, పూర్తి ప్రభావానికి ఒకటి రెండు వారాలు పట్టవచ్చు. ఆ మాట ముందే చెప్పకపోతే మూడో రోజు మానేస్తారు. వాడే తీరు కూడా చేసి చూపించాం. తల కొద్దిగా ముందుకు వంచి, కుడి పుటంలో ఎడమ చేత్తో, ఎడమ పుటంలో కుడి చేత్తో కొట్టాలి. అలా చేస్తే స్ప్రే మధ్య గోడకు కాకుండా పక్క గోడకు తగులుతుంది. మధ్య గోడకు తగిలితే మందు వృథా, పైగా రక్తం కారవచ్చు. గట్టిగా పీల్చకూడదు, పీలిస్తే గొంతులోకి పోతుంది.

నిద్రమత్తు తెచ్చే మాత్ర బదులు ఫెక్సోఫెనడిన్ ఇచ్చాం, పండ్ల రసంతో వేసుకోవద్దని చెప్పి. రసంతో కలిస్తే అది ఒంటికి తక్కువగా పడుతుంది. కళ్లకు ఓలోపటడిన్ చుక్కలు. బయటి నుంచి వచ్చాక ఉప్పునీటితో ముక్కు కడుక్కోవడం. ఆ నీరు మరిగించి చల్లార్చినదో, డిస్టిల్డ్ నీరో అయి తీరాలి. కుళాయి నీటిని నేరుగా ముక్కులో పోయడం ప్రాణాంతకమైన అమీబా ఇన్‌ఫెక్షన్‌కు దారితీసిన సందర్భాలున్నాయి. ఈ హెచ్చరికను నేను ఎన్నడూ వదలను.

నడక మానమనలేదు. ఆమెకు అది కావాలి, శరీరానికీ కావాలి. వేళ మాత్రం సాయంత్రానికి మార్చాం. పడకగది కిటికీలు నేల వైపువి రాత్రి మూసి, సముద్రం వైపువి మధ్యాహ్నం తెరవడం, గాలి తిరిగే వేళ బట్టలు బయట ఆరేయకపోవడం, తోటలో గడ్డి కోసేపని ఇంకొకరికి అప్పగించడం, ఇవి మిగతా మార్పులు.

ఇక ఛాతీ. శ్వాస పరీక్షలో, శ్వాసనాళాలను తెరిచే మందు పీల్చిన తర్వాత మొదటి సెకనులో వదిలే గాలి 12 శాతానికీ, 200 మిల్లీలీటర్లకూ మించి పెరిగింది. లక్షణాలతో కలిపి చూస్తే ఇది ఆస్తమా. ముక్కు, ఊపిరితిత్తులు ఒకే దారి. ముక్కుకు వైద్యం చేసి ఛాతీని వదిలేయడం సగం పని. ఆయాసం వచ్చినప్పుడు కేవలం సాల్బుటమాల్ (శ్వాసనాళాలను తెరిచే మందు) పీల్చి సరిపెట్టుకునే పద్ధతిని 2019 నుంచి ఆస్తమాకు సంబంధించిన అంతర్జాతీయ 'జీనా' మార్గదర్శకాలు వద్దంటున్నాయి, వాపు తగ్గించే స్టెరాయిడ్ కూడా ఉండాలి. స్టెరాయిడ్ అయిన బుడెసొనైడ్, శ్వాసనాళాలను తెరిచే ఫార్మొటెరాల్ కలిసిన ఇన్‌హేలర్ ఇచ్చాం. "నాకు ఆస్తమా లేదు, దగ్గే కదా" అని ఆమె కొంత వెనుకాడారు. అప్పుడు చెప్పింది ఉరుముల వాన సంగతి.

2016 నవంబరు 21న ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ నగరంలో గడ్డి పుప్పొడి కాలంలో ఉరుములతో గాలివాన వచ్చింది. కొద్ది గంటల్లో వేలమంది ఊపిరాడక ఆసుపత్రులకు చేరారు, 10 మంది చనిపోయారు. బాధపడినవారిలో చాలామందికి అప్పటిదాకా ఆస్తమా ఉన్నట్టే తెలియదు. కాలం రాగానే తుమ్ములు మాత్రం ఉండేవి. మామూలుగా గడ్డి పుప్పొడి రేణువు పెద్దది, ముక్కులోనే ఆగుతుంది. తేమకు అది ఉబ్బి పగిలితే లోపలి పిండి కణాలు బయటపడతాయి. అవి 5 మైక్రాన్లకంటే (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) చిన్నవి, అలర్జీ ప్రోటీన్లను మోసుకుని ఊపిరితిత్తుల లోతుకు పోగలవు. వాన ముందు వీచే గాలి వాటిని నేల దగ్గరికి తెస్తుంది. ముక్కు స్ప్రే దీన్ని ఆపలేదు. గడ్డి అలర్జీ ఉండి, దగ్గుతో మెలకువ వచ్చే మనిషికి ఇది దూరదేశపు వార్త కాదు. ఆమె ఇన్‌హేలర్ తీసుకున్నారు.

ఆరు వారాల తర్వాత స్కోరు 3. రాత్రి దగ్గు లేదు. ముక్కు చుక్కల సీసా ఇంట్లో లేదు. కాలం ఇంకా పూర్తి కాలేదు కాబట్టి, ఇది పుప్పొడి తగ్గడం వల్ల వచ్చిన మెరుగు మాత్రమే కాదని అనుకోవడానికి ఆధారం ఉంది. డైరీలో తెల్లవారి గాలి నేల నుంచే ఉంది, పలకల మీద గడ్డి రేణువులు ఇంకా పడుతున్నాయి. అయితే ఒకే రోగి, ఒకేసారి అనేక మార్పులు. వీటిలో ఏది ఎంత పనిచేసిందో ఈ కేసు తేల్చలేదు. నడక వేళ మారిన మొదటి వారంలోనే, స్ప్రే పూర్తిగా పట్టకముందే తుమ్ములు సగానికి తగ్గడం చూస్తే వేళ మార్పుకు గట్టి వాటా ఉందని నా అభిప్రాయం.

మిగిలింది ఇమ్యునోథెరపీ, అంటే అలర్జీ తెచ్చే పదార్థానికే శరీరాన్ని మెల్లగా అలవాటు చేసే చికిత్స. 1911లో ఇంగ్లండ్ వైద్యుడు లెనార్డ్ నూన్ గడ్డి పుప్పొడి సారాన్నే కొద్దికొద్దిగా పెంచుతూ ఇంజెక్షన్లుగా ఇచ్చి ఈ చికిత్సకు దారి వేశాడు. కారణం ఒకటే అని తేలిన, మందులతో పూర్తిగా కుదుటపడని రోగికి ఇది మంచి మార్గం. కనీసం మూడేళ్లు పడుతుంది. ఇంజెక్షన్ ఇచ్చిన ప్రతిసారీ అరగంట ఆసుపత్రిలోనే ఉండాలి, ఆస్తమా అదుపులో లేనివారికి ఇవ్వకూడదు. ఈమెకు ఇప్పుడే మొదలుపెట్టలేదు. ఆస్తమా కుదుటపడి ఎంతోకాలం కాలేదు. పైగా, ఇవ్వాల్సింది గరిక సారం. తిమోతి సారంతో ఇస్తే ఈమెకు మేలు జరుగుతుందని ఆశించడానికి వీల్లేదు. వచ్చే కాలానికి రెండు వారాల ముందే స్ప్రే మొదలుపెట్టాలని, కాలం ముగిశాక శ్వాస పరీక్ష మళ్లీ చేసి ఇంజెక్షన్ల సంగతి తేల్చుకోవాలని ఇద్దరం అనుకున్నాం. పుప్పొడి కాలంలో ఉరుములు వినిపిస్తే కిటికీలు మూసి లోపల ఉండాలని, ఛాతీ పట్టేస్తే ఇన్‌హేలర్ తీసుకోవాలని, తగ్గకపోతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి రావాలని ఒక కాగితం మీద రాసి ఇచ్చాను. ఆ కాగితం నకలు ఒకటి ఆమె ఫైలులో ఉంది, ఇంకొకటి ఆమె భర్త దగ్గర ఉంది.